సుప్రభాత శ్లోకము – విద్యార్థి ప్రస్థానము

తిరుమల దివ్యక్షేత్రమున ధనుర్మాసము తప్ప తక్కిన దినములన్నిటను వేకువజామున శ్రీవేంకటేశ్వర సుప్రభాతము పఠింపబడుచున్నది. క్షేత్రమునకు రాజాలని గృహస్థులు సైతము తమ తమ ఇండ్లలో దానిని విని దినచర్యను ఆరంభింతురు. ఈ సుప్రభాతమును రచించిన మహనీయులు శ్రీమణవాళ మహామునుల శిష్యులగు ప్రతివాదిభయంకరం అణ్ణన్ స్వామి. వారు 15వ శతాబ్దికి చెందినవారు. కాని సుప్రభాతమునందలి మొట్టమొదటి శ్లోకము వారి రచన కాదు. అది శ్రీమద్వాల్మీకి రామాయణమున బాలకాండములోనిది. ఈ విషయము పెద్దలందరికి తెలిసినదే. అయినను ఆ శ్లోకమును ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు పలికిరో మనము తరచుగా స్మరింపము.

పలికినవాడు ఆచార్యుడగు విశ్వామిత్రమహర్షి. వినినవాడు పదునారేండ్లైనను నిండని బాలుడు. స్థలము సరయూనదీ దక్షిణతీరము. సమయము ఆ బాలుడు తల్లిదండ్రులను విడిచి వచ్చిన పిమ్మట తెల్లవారిన మొదటి ఉదయము.

శ్రీమన్నారాయణుడే శ్రీరామచంద్రుడై అవతరించెనన్న సత్యమును మనము మరువరాదు. కాని ఆ పరమాత్మ మానుషధర్మమును అంగీకరించి, విద్యకొరకును, కార్యముకొరకును ఇల్లు వదలి గురువు వెంట నడచిన వయస్సునందే నేడు మన బిడ్డలును ఇల్లు వదలుచున్నారు. పదవ తరగతి ముగియునప్పటికి బాలబాలికలకు పదునైదు, పదునారు సంవత్సరముల వయస్సు. ఆ వేసవి గడచునో లేదో ఇంటర్మీడియట్ చదువునకై పెట్టె సర్దుకొని వసతిగృహములకు పోవుదురు. రెండు సంవత్సరములకు మరల ప్రవేశపరీక్షలు, మరల ప్రయాణము. కావున ఆ బాలకాండఘట్టమున మన గృహములకు పనికివచ్చు ఉపదేశమేమి కలదో ఒకింత విచారింతము.

నేటి మార్గము

మన తెలుగునాట ఇంజనీరింగు మొదలగు విద్యలకు 1986లో ఎంసెట్ అను పేర ప్రవేశపరీక్ష ఆరంభమయ్యెను. ఆ పరీక్షయే ఆంధ్రప్రదేశమున 2021 నుండియు, తెలంగాణమున 2024 నుండియు ఈఏపీసెట్ అను పేర జరుగుచున్నది. జాతీయ విద్యాసంస్థలలో ఇంజనీరింగు చదువుటకు జేఈఈ, వైద్యవిద్యకు నీట్ కలవు. వీనికి తోడు ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షలు ఉండనే యున్నవి. పదునేడేండ్ల బాలుడు ఒకే వేసవిలో మూడు నాలుగు పరీక్షలకు కూర్చుండవలసి వచ్చుచున్నది.

ఇది కేవలము చదువునకు సంబంధించిన ప్రస్తావన కాదు. ప్రాణములకు సంబంధించినది. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరని పత్రికలన్నియు ప్రకటించెను. ఆ శోకము ఒక్క సంవత్సరముతో ముగియలేదు. ఒక్క రాష్ట్రమునకు పరిమితమును కాలేదు. ఒక్కొక్క మరణమునకు కారణములు అనేకములుగా నుండవచ్చును. అయినను ఇట్టి వార్తను చదివిన ప్రతి గృహస్థుడును తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. “నా యింట నా బిడ్డ స్థానము అతని మార్కులపై ఆధారపడి యున్నదని అతడు తలంచుచున్నాడా?” ఈ ప్రశ్నకు సమాధానమును దశరథ మహారాజు గృహమున వెదకుదము.

దశరథుని భయము, వసిష్ఠుని హితవు

విశ్వామిత్రుడు వచ్చి యజ్ఞరక్షణకై రాముని పంపుమని అడిగినంతనే దశరథుడు మూర్ఛిల్లెను. తెలివివచ్చిన పిమ్మట ఆ మహారాజు పలికిన మాటలను గమనింపుడు. బాలునికి పదునారేండ్లు నిండలేదనెను. యుద్ధవిద్యలో ఆరితేరలేదనెను. కావలసినచో తానే అక్షౌహిణీ సేనతో వచ్చి పోరాడెదననెను. ఇది పితృవాత్సల్యము. దీనిని నిందింపదగదు. కాని నేటి తల్లిదండ్రులలో కూడ ఇదే స్వభావము మరియొక రూపమున కానవచ్చును. బిడ్డ ఏ గ్రూపు తీసికొనవలెనో తామే నిశ్చయింతురు. దరఖాస్తును తామే పూరింతురు. కళాశాలల క్రమమును తామే వ్రాయుదురు. పరీక్షాభవనము వాకిటివరకు మాత్రమే పెద్దలు పోగలరు. లోపలికి పోవలసినవాడు బిడ్డయే. ఈ హద్దును తెలిసికొనుట పెద్దరికమునకు తొలిమెట్టు.

అప్పుడు వసిష్ఠమహర్షి దశరథునికి హితవు చెప్పెను. విశ్వామిత్రుని సామర్థ్యమెట్టిదో, ఆ ప్రయాణమువలన రామునకు కలుగు మేలేమో వివరించెను. రాజు మనస్సు కుదుటపడెను. ప్రతి కుటుంబమునకును ఇట్టి ఒక వసిష్ఠుడు అవసరము. బిడ్డనెరిగిన పాఠశాల ఉపాధ్యాయుడు కావచ్చును. ఆ చదువు చదివి ఆ వృత్తిలో ఉన్న బంధువు కావచ్చును. కళాశాల ప్రకటనపత్రమును చూచియో, పొరుగింటివారి బిడ్డను చూచియో నిర్ణయించుట హితవు వినుట కాదు.

పదవ తరగతి పిమ్మట మార్గము ఒక్కటియే కాదని మొదట తెలిసికొనవలెను. ఇంటర్మీడియట్ నందు ఎంపీసీ, బైపీసీలే గాక సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ మొదలగు శాఖలు కలవు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చదువవచ్చును. 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ విధానమున పదవ తరగతి మార్కులను బట్టి గ్రామీణ విద్యార్థులు ఆరేండ్ల సమీకృత విద్యలో చేరుచున్నారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ మొదలగు చోట్ల వీని ప్రాంగణములు కలవు. సంస్కృతముపై మక్కువగల బిడ్డకు తిరుపతిలో 1961లో విద్యాపీఠముగా ఆరంభమై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము కలదు. కుమార్తెల చదువును గూర్చి సందేహించువారు అదే తిరుపతిలో 1983లో స్త్రీలకొరకై వెలసిన శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును స్మరింపవలెను.

మార్గములను తెలిపిన పిమ్మట నిర్ణయమెవరిది? భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమును తిలకింపుడు. సర్వజ్ఞుడైన పరమాత్మ అర్జునునకు సమస్తమును ఉపదేశించి, తుదకు దీనినంతటిని చక్కగా విమర్శించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమనెను. సారథియై పగ్గములు పట్టిన స్వామియే తన శిష్యునకు ఆ స్వాతంత్ర్యము నొసగినప్పుడు, అల్పజ్ఞులమైన మనము బిడ్డకు దానిని నిరాకరించుట ఎట్లు తగును? చెప్పకుండ విడుచుట ఉపేక్ష. చెప్పి బలవంతపెట్టుట పీడనము. చెప్పి, వివరించి, ఆలోచించుటకు వ్యవధి నిచ్చుట గీతామార్గము.

ఆశీస్సు ముందు, విజయము తరువాత

వసిష్ఠుని మాట వినిన దశరథుడు ప్రసన్నవదనుడై రాముని పిలిపించెను. తల్లి కౌసల్య మంగళాశాసనము చేసెను. తండ్రి చేసెను. పురోహితుడు మంగళమంత్రములను పఠించెను. తండ్రి కుమారుని శిరస్సును ఆఘ్రాణించి సంతోషముతో విశ్వామిత్రునకు అప్పగించెను.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలసిన విశేషము కలదు. అప్పటికి తాటక వధింపబడలేదు. యజ్ఞము రక్షింపబడలేదు. శివధనుస్సు విరుగలేదు. రాముడు అప్పటికి ఏ పరీక్షయందును నెగ్గలేదు. ఆశీస్సు ముందే లభించెను. విజయము పిమ్మట వచ్చెను. కౌసల్య “గెలిచి వచ్చినచో నా బిడ్డవు” అని చెప్పలేదు. ఆమె బిడ్డ అగుటయే ఆశీస్సునకు చాలిన అర్హత.

మన ఇండ్లలో ఈ క్రమము తలక్రిందులగుచున్నది. ర్యాంకు వచ్చినచో కౌగిలి, రానిచో మౌనము. మొదటి బహుమతి వచ్చినచో బంధువులకు మిఠాయి, రానిచో బిడ్డను శుభకార్యములకు సైతము తీసికొనిపోకుండుట. పెద్దలు దీనిని శిక్షగా భావింపకపోవచ్చును. కాని బిడ్డ మాత్రము తన స్థానము పోయినదనియే గ్రహించును. కావున పరీక్షకు బయలుదేరు ఉదయమున, హాల్ టికెట్ చేతికిచ్చునప్పుడు, తల్లిదండ్రులు స్పష్టముగా ఒక మాట చెప్పవలెను. “నాయనా, నీవు చదివినది వ్రాసి రమ్ము. ఏమి వచ్చినను ఈ యిల్లు నీది, మేము నీవారము.” మనస్సులో ఉన్నదిగదా అని ఊరకుండరాదు. ఈ మాట నోట పలుకవలసినది.

బల, అతిబల

సరయూతీరమున ఒకటిన్నర యోజనము నడచిన పిమ్మట విశ్వామిత్రుడు రాముని మధురముగా పిలిచి బల, అతిబల యను విద్యలను ఉపదేశించెను. ఆ విద్యల ఫలమేమి? శ్రమ కలుగదు, జ్వరము కలుగదు, ఆకలిదప్పులు బాధింపవు. దివ్యాస్త్రములనన్నిటిని ఆ మహర్షి తాటకావధ జరిగిన పిమ్మట అనుగ్రహించెను. అనగా మొదట శరీరమునకును మనస్సునకును రక్ష, తరువాత ఆయుధములు. ఆచార్యుడెరిగిన క్రమమిది.

నేడు అనేక స్థలములందు ఆయుధములు మాత్రము దండిగా ఇయ్యబడుచున్నవి. వేకువనుండి రాత్రి పొద్దుపోవువరకు తరగతులు, వారమునకొక పరీక్ష, గోడపై ర్యాంకుల పట్టిక. బల, అతిబలలు మాత్రము మరువబడుచున్నవి. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు మితిమీరి మేల్కొనువానికిని, మితిమీరి నిద్రించువానికిని యోగము సిద్ధింపదనెను. ఆహారవిహారములు, నిద్రయు మెలకువయు తగినంతగా నుండవలెననెను. యోగికి చెప్పబడిన నియమము పరీక్షార్థికి తప్పునా? రాత్రియంతయు మేల్కొని చదివినవానికి చదివినది ఉదయమున జ్ఞప్తికి రాదు. నిద్రలోనే చదివినది మనస్సున నాటుకొనునని నేటి వైద్యశాస్త్రమును చెప్పుచున్నది. కళాశాలను ఎన్నుకొనునప్పుడు గత సంవత్సరపు ర్యాంకులను మాత్రమే అడుగక, బిడ్డకు ఎన్ని గంటల నిద్ర, ఆటకు సమయమెంత, జ్వరము వచ్చినచో చూచువారెవరు, ఆదివారము ఇంటికి మాటలాడనిత్తురా అని అడుగుడు. సమాధానము చెప్పుటకు సంకోచించు సంస్థను గూర్చి మరియొకసారి ఆలోచింపుడు.

ఆ రాత్రి రాజకుమారులు తృణశయ్యపై శయనించిరి. హంసతూలికాతల్పములకు అలవాటుపడినవారికి అది కష్టముగా తోచవలసినది. కాని విశ్వామిత్రుని లాలనవాక్కులచే ఆ రాత్రి వారికి సుఖముగా గడచెనని వాల్మీకి చెప్పుచున్నాడు. శయ్యను మార్చుట సాధ్యము కాలేదు. మాటలు దానిని మార్చెను. వసతిగృహమున ఇనుపమంచముపై మొదటి రాత్రి గడపు బిడ్డకు ఇంటినుండి వచ్చు మాట అట్టిది కావలెను. టెలిఫోనులో మొదటి ప్రశ్న “నిన్నటి పరీక్షలో ఎన్ని మార్కులు?” అని కాక, “భోజనము చేసితివా? నిద్రపట్టెనా? ఎవరితో స్నేహము కుదిరెను?” అని యుండవలెను. మార్కుల విషయము బిడ్డయే చెప్పును.

మరునాటి ఉదయమున ఆచార్యుడు శిష్యుని మేల్కొలిపిన విధమును చూడుడు. తల్లి పేరుతో పిలిచెను. నరులలో శ్రేష్ఠుడవని గౌరవించెను. పిమ్మటనే కర్తవ్యమును జ్ఞాపకము చేసెను. “ఇంకను నిద్రయేనా” అని గద్దింపలేదు. రాజర్షియై బ్రహ్మర్షియైన కోపిష్ఠి విశ్వామిత్రుడే బాలుని ఎడ ఇంత మార్దవమును చూపెను. ప్రతి ఉదయము ఆ శ్లోకమును వినుచు, వెంటనే చదువుకొను బిడ్డను తిట్టి లేపు గృహస్థుడు సుప్రభాతమును చెవులతో మాత్రమే వినినవాడగును.

పరీక్షాభవనమున

పరీక్ష స్వరూపమును ముందుగా తెలిసికొనుట సగము ధైర్యము. ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్ష 160 ప్రశ్నలతో మూడు గంటలపాటు కంప్యూటరుపై జరుగును. గణితమునకు 80, భౌతికరసాయన శాస్త్రములకు నలువదేసి ప్రశ్నలుండును. తప్పు సమాధానమునకు మార్కుల కోత లేదు. కావున ఏ ప్రశ్నను విడువ పనిలేదు. జేఈఈ మెయిన్, నీట్ పరీక్షలలో సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు చేరగా, తప్పునకు ఒక మార్కు పోవును. కావున అచ్చట తెలియనిదానిని విడుచుటయు విద్యయే. ఒక దానికి అలవాటుపడిన చేయి మరియొకదానిలో పొరబడకుండుటకై ఆయా పద్ధతులలో నమూనా పరీక్షలు వ్రాయించవలెను. పరీక్షాకేంద్రమును ముందురోజే చూచివచ్చుట, గుర్తింపుపత్రమును హాల్ టికెట్‌తో కలిపి ఉంచుట, గంట ముందుగా చేరుట చిన్న విషయములే. కాని వానివలన మనస్సు నిలకడగా నుండును.

ఇంతచేసినను ఫలము మన చేతిలో లేదు. గీతలో ఏ కార్యమునకైనను ఐదు కారణములు చెప్పబడినవి. అధిష్ఠానమగు శరీరము, కర్త, ఇంద్రియములను సాధనములు, వివిధములైన చేష్టలు, ఐదవది దైవము. భగవద్రామానుజులు ఈ దైవశబ్దమునకు అంతర్యామియగు పరమాత్మ అనియే భాష్యము చెప్పిరి. బిడ్డ శ్రమ ఐదింటిలో ఒకటి మాత్రమే. ర్యాంకు తగ్గినచో నేరమంతయు ఆ ఒక్కదానిపై మోపుట శాస్త్రవిరుద్ధము. అట్లే దైవముపై భారమువేసి చదువు మానుటయు శాస్త్రవిరుద్ధమే. శ్రద్ధగా చదువుట బిడ్డ కైంకర్యము. ఫలము స్వామి సంకల్పము.

మ్రొక్కుల విషయమున కూడ ఒక హెచ్చరిక అవసరము. హైదరాబాదు సమీపమున చిలుకూరు బాలాజీ ఆలయమున హుండీయే లేదు. విదేశవిద్యకు పోగోరు యువకులు అచ్చట పదునొకండు ప్రదక్షిణములు చేసి విన్నవించుకొందురు. కోరిక నెరవేరినవారు 108 చేయుదురు. స్వామి మననుండి ధరను ఆశింపడని ఆ క్షేత్రము మనకు నేర్పుచున్నది. మ్రొక్కు పెద్దలకును స్వామికిని మధ్యనున్న విషయము. “నీకొరకు కొండకు నడచి వచ్చెదనని మ్రొక్కితిని, ర్యాంకు తేకుందువా” అని బిడ్డతో అనుట, స్వామిపై ఉంచవలసిన భారమును పసివాని భుజములపై ఉంచుటయే. బిడ్డకు నిర్మలమైన బుద్ధిని, ఆయురారోగ్యములను ప్రసాదింపుమని ప్రార్థింపుడు. ఏ ర్యాంకు మేలో స్వామికి తెలియును.

ఫలితములు వెలువడిన దినము

శ్రీమద్రామానుజులు రహస్యార్థమును గ్రహింపగోరి తిరుక్కోష్టియూరు నంబి సన్నిధికి శ్రీరంగమునుండి 18 పర్యాయములు పోయిరని గురుపరంపర చెప్పుచున్నది. పదునేడు మారులు వెనుకకు పంపబడిరి. జగదాచార్యులకే పదునేడు మారులు “ఇప్పుడు కాదు” అను మాట వినవలసి వచ్చెను. ఆ మాట వారి యోగ్యతకు తీర్పు కాలేదు.

ఇంటర్మీడియట్‌లో తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు రెండు రాష్ట్రములందును జరుగుచున్నవి. అందు ఉత్తీర్ణుడైనచో సంవత్సరము నష్టము కాదు. మార్కులలో అనుమానమున్నచో పునర్గణనకు దరఖాస్తు చేయవచ్చును. జేఈఈ మెయిన్ 2019 నుండి ఏడాదికి ఒకటికంటె ఎక్కువ పర్యాయములు జరుగుచున్నది. ఈ సంగతులను ఫలితములు వచ్చిన పిమ్మట కాక, ముందే బిడ్డకు తెలుపవలెను. ఫలితముల దినమున బిడ్డను ఒంటరిగా విడువరాదు. ఆ రోజు బంధువుల పలుకరింపులకు పెద్దలే సమాధానము చెప్పవలెను. తోబుట్టువులతోను, సహాధ్యాయులతోను పోల్చరాదు. సాందీపని గురుకులమున శ్రీకృష్ణుడును కుచేలుడును ఒకే గురువువద్ద చదివిరి. ఒకరు ద్వారకాధీశుడు, ఒకరు చిరుగు వస్త్రమువాడు. అయినను ఎదురేగి కౌగిలించుకొన్న స్వామి చిన్ననాటి గురుకులవాసమును స్మరించెనే గాని “నీవేమి సంపాదించితివి” అని అడుగలేదు.

బిడ్డ మాటలు తగ్గినను, ఆహారనిద్రలు మానినను, తనకిష్టమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుచున్నను, “నేను లేకున్న మీకు సుఖము” అని పలికినను దానిని బెదిరింపుగా తలపరాదు. దగ్గర కూర్చుండి, ప్రాణము తీసికొనవలెనను ఆలోచన వచ్చుచున్నదా అని సూటిగా అడుగవలెను. అడుగుటచే ఆ ఆలోచన పుట్టదు. దాచుకొన్న భారము దిగును. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. మనోవైద్యుని వద్దకు పోవుట భక్తిలోపము కాదు. జ్వరమునకు ఔషధము పుచ్చుకొనువాడు ధన్వంతరిని అవమానించినట్లగునా?

ప్రవేశము, ప్రయాణము

ర్యాంకు వచ్చిన పిమ్మట పెద్దలు నిజముగా సాయపడవలసిన పని ఆరంభమగును. పదవ తరగతి మార్కుల పత్రము, ఇంటర్మీడియట్ మార్కుల పత్రము, ఆరవ తరగతినుండి చదువు ధ్రువపత్రములు, బదిలీపత్రము, వర్తించువారికి కులధ్రువపత్రము, ఆదాయధ్రువపత్రము ముందే సేకరించి, నకళ్లు తీయించి ఉంచవలెను. పదవ తరగతి పత్రమునందలి పేరును, ఆధార్ కార్డునందలి పేరును ఒక అక్షరమైనను తేడాలేకుండ సరిచూడవలెను. తేడా యున్నచో వేసవికి ముందే దిద్దించుకొనుడు. ఇంటర్మీడియట్ మార్కుల భారము తెలంగాణమున 2023 నుండి తొలగింపబడినది; ఆంధ్రప్రదేశమున 2025 ప్రవేశములలో నాల్గవవంతు ఉండెను. నియమములు సంవత్సరమునకు సంవత్సరము మారుచుండును గనుక ఆ ఏటి అధికార ప్రకటనను స్వయముగా చదువవలెను.

వెబ్ ఆప్షన్లు ఇచ్చునప్పుడు బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. క్రమమును బిడ్డ చెప్పగా మీరు వ్రాసికొనుడు. రుసుము, దూరము, వసతి అను మూడింటిని మీరు తెలుపుడు. కోరిన క్రమము కంప్యూటరులో అట్లే భద్రమైనదా అని ముద్రించి చూచుకొనుడు. సీటు ఇప్పింతుమని ముందుగా ధనమడుగు మధ్యవర్తులను వాకిటికి రానీయకుడు. కన్వీనరు కోటా సీట్లు ర్యాంకును బట్టియే లభించును. వానికి ఎవరి సిఫారసును పనికిరాదు. అప్పుచేసి చదివించువారు ఆ అప్పు ఎంతయో బిడ్డకు నిజముగా చెప్పవచ్చును. కాని దానిని ప్రతిదినము జ్ఞప్తికి తెచ్చుట తగదు.

విశ్వామిత్రుడు అడిగినది రాముని మాత్రమే. దశరథుడు లక్ష్మణుని కూడ పంపెను. కొత్త చోటికి పోవు బిడ్డకు తోడు అవసరమని తండ్రి ఎరిగెను. మీ బిడ్డ చేరిన కళాశాలలో మీ ఊరివారో, పరిచయస్థులో ఎవరున్నారో విచారించి పరిచయము చేయుడు. ర్యాగింగు నేరమని ఆంధ్రప్రదేశమున 1997లోనే చట్టము చేయబడినది. దానిని ఓర్చుకొనుట ధైర్యము కాదని, వెంటనే చెప్పవలెనని బిడ్డకు తెలుపుడు.

దారిలో రాముడు ఎన్నో ప్రశ్నలు వేసెను. గంగలో నావపై పోవుచు, ఆ నీటి ఘోష ఏమని అడిగెను. సరయువు గంగలో కలియు ధ్వని యని మహర్షి వివరించెను. ప్రశ్నించు శిష్యుని ఆయన విసుగుకొనలేదు. మీ బిడ్డయును సెలవులలో ఇంటికి వచ్చి కొత్త ప్రశ్నలు వేయును. దేవుని గూర్చి, ఆచారములను గూర్చియు వేయవచ్చును. కోపింపక తెలిసినంత చెప్పుడు. తెలియనిచో పెద్దలను అడిగి చెప్పెదమనుడు. పెట్టెలో తిరుమణిపెట్టెను, చిన్న పటమును ఉంచుడు. నిర్బంధింపకుడు. నిత్యము ఒక నిమిషము స్వామిని తలచుకొనినను చాలునని చెప్పుడు. ఇంట పెద్దలు ప్రేమతో ఆచరించినది బిడ్డ ఎన్నటికైనను మరువడు.

శ్రీరామానుజులు తిరుమల పాదమూలమున తమ మేనమామయగు తిరుమలనంబి వద్ద ఒక సంవత్సరము శ్రీమద్రామాయణమును అభ్యసించిరని సంప్రదాయము. కొండకు వచ్చు యాత్రికులారా! ఆ రామాయణ శ్లోకముతోనే స్వామి మేల్కొనుచున్నాడు. ఈ ఏడు మీతోపాటు పరీక్ష వ్రాసిన బిడ్డ వచ్చినచో, ఫలితము వచ్చువరకు నిరీక్షింపకుడు. ఆనందనిలయ విమానము ఎదుట నిలిచి, బిడ్డ శిరస్సుపై చేయి ఉంచి, ఇప్పుడే ఆశీర్వదింపుడు.

సర్వవిద్యలకు ఆధారభూతుడగు శ్రీహయగ్రీవుడు మన బాలబాలికలకు సద్బుద్ధిని, ఆరోగ్యమును, దీర్ఘాయువును అనుగ్రహించుగాక! ఇల్లు వదలి పోవు ప్రతి బిడ్డకును శ్రీనివాసుడు తోడై నడచుగాక!